అరవై నాలుగు ఇళ్ళ లెక్క
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే, పంచాంగ శ్రవణం చెవుల్లో మ్రోగుతూ ఉండగానే లెక్కల పాఠానికి లేచి నిలబడడం సాహసమే. మేము గణితశాస్త్రజ్ఞులము కాము. ఈ కన్నడ సీమలో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకొన్న బడిపంతులము. ఏదైనా మాట్లాడండి అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మాకు తెలిసినది లెక్క ఒక్కటే గనుక లెక్కే మాట్లాడతామన్నాము. వారు నవ్వి, "అయితే ఒక్క అంకె గురించే మాట్లాడండి, త్వరగా అయిపోతుంది" అన్నారు. ఆ మాట ప్రకారం ఒక్క సంఖ్య గురించే మాట్లాడుతాము. కాని ఆ సంఖ్య మాత్రం చిన్నది కాదు.

ఇది మాకు మొన్న సంక్రాంతి సెలవులలో ఎదురయింది. మా మనుమడు కంప్యూటరు విద్య చదువుతున్నాడు. ఒక కాగితం మీద ఇరవై అంకెలు వరుసగా వ్రాసి, "తాతయ్యా, దీన్ని తెలుగులో చదువు చూద్దాం" అన్నాడు. ఆ అంకెలు ఇవి:

1,84,46,74,40,73,70,95,51,615.

మేము తడబడ్డాము. ఇంత కాలం లెక్కలు చెప్పిన మాకు, కోట్లు దాటిన తరువాత నోరు తిరగలేదు. వాడు ఇంగ్లీషులో గడగడ చదివేశాడు. వాడు చదివినందుకు సంతోషమే. మేము చదవలేకపోయినందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఈ సంఖ్య ఎక్కడిదో చెప్పాలి. చదరంగం కనిపెట్టిన పండితునికి రాజు వరమిస్తానంటే, ఆయన మొదటి ఇంట ఒక గింజ, రెండవ ఇంట రెండు, మూడవ ఇంట నాలుగు, ఇట్లా ఇంటింటికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు ఇళ్ళకూ గింజలు ఇప్పించమన్న కథ మీకందరికీ తెలిసినదే. రాజు ఇంతేనా అని నవ్వాడు. లెక్క తేలిన తరువాత ఏడ్చాడు. ఆ గింజల మొత్తమే ఈ సంఖ్య. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ అనే మహాపండితుడు దీనిని చివరి అంకె వరకు సరిగా లెక్కగట్టి వ్రాసిపెట్టాడు.

ఈ మొత్తం రావడానికి అరవై నాలుగు కూడికలు అక్కరలేదు. పిల్లలూ, వినండి. మొదటి ఇంట ఉన్న ఒక గింజకు మన జేబులోనుంచి ఇంకొక గింజ కలుపుదాం. రెండయింది. రెండవ ఇంటి రెండూ కలిపితే నాలుగు. మూడవ ఇంటి నాలుగూ కలిపితే ఎనిమిది. ఇట్లా చివరి ఇల్లు దాటేసరికి, రెండును అరవై నాలుగు మార్లు వేసి గుణించిన లబ్ధం వస్తుంది. మన గింజ మనం తీసివేసుకొంటే మిగిలినదే జవాబు.

ఆ గుణకారమైనా అరవై నాలుగు మార్లు చేయనక్కరలేదు. రెండును వర్గం చేస్తే 4. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 429,49,67,296. ఇంకొక్క మారు వర్గం చేస్తే చదరంగం మొత్తం వచ్చేస్తుంది. ఆరే ఆరు గుణకారాలు. కాగితం, పెన్సిలు, ఓపిక ఉన్న పిల్లవాడు ఒక సాయంత్రంలో చేయవచ్చు.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఇందాక సిద్ధాంతిగారు కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలని, కల్పం 432 కోట్ల సంవత్సరాలని చదివారు. సరిగ్గా సగం పలక, అనగా ముప్పై రెండు ఇళ్ళ గింజలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. కల్పంలోని ఏళ్ళకు రెండున్నర కోట్లు మాత్రమే తక్కువ. ఇది కాకతాళీయమే, దీనికి రహస్యార్థం ఏదీ లేదు. కాని సగం పలకకే బ్రహ్మదేవుని పగలు దరిదాపు నిండిపోయిందని, ఇంకా సగం మిగిలే ఉన్నదని గుర్తుంచుకోవడానికి ఇది పనికివస్తుంది.

గింజలను తూకంలోకి మార్చి చూద్దాం. వేయి బియ్యపు గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకొందాం. అప్పుడు ఈ మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులవుతుంది. ఈనాడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అనగా రాజు దరిదాపు ఏడు వందల ఏళ్ళపాటు ప్రపంచపు బియ్యమంతా కొలిచి ఇవ్వాలి.

ఇంకొక కథ. 1883లో ఎదువార్ ల్యూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటబొమ్మను బయటపెట్టాడు. మూడు కడ్డీలు, వాటిలో ఒకదానికి పెద్దదాని మీద చిన్నదిగా పేర్చిన బిళ్ళలు. ఒకమారు ఒకే బిళ్ళ తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టరాదు, అన్నీ వేరొక కడ్డీకి చేరాలి. ఆటకు వన్నె తేవడానికి కాశీలో ఒక ఆలయం ఉందని, అక్కడ అరవై నాలుగు బంగారు బిళ్ళలను పూజారులు రాత్రింబగళ్ళు మారుస్తున్నారని, పని పూర్తయిన నాడు ప్రళయమేనని కథ కట్టారు. ఆ మార్పులు ఎన్నో తెలుసునా? మన సంఖ్యే, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. క్షణానికి, అనగా సెకండుకు, ఒక బిళ్ళ మార్చినా సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు ఈనాటి శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం 1,380 కోట్ల సంవత్సరాలు. కనుక ప్రళయం గురించి మనం ఈ ఉగాదికి బెంగ పెట్టుకోనక్కరలేదు.

ఇక సంఖ్య లోపలికి పోదాం. మనిషిని పరిచయం చేసేటప్పుడు ఊరు, ఇంటిపేరు, గోత్రం అడుగుతాము. సంఖ్యలకూ అట్లాంటి గోత్రాలున్నాయి.

ఇది బేసి సంఖ్య. చివర 5 ఉన్నది గనుక 5 భాగిస్తుంది. అంకెలన్నీ కూడితే 87. దానిని 3 భాగిస్తుంది, 9 భాగించదు. కనుక మన సంఖ్యనూ 3 భాగిస్తుంది, 9 భాగించదు. 7తో భాగిస్తే 1 మిగులుతుంది. ఇది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య. అయితే దీని కారణాంకాలేవి? ఇరవై అంకెల సంఖ్యకు కారణాంకాలు వెదకడం మామూలుగా కష్టం. ఈ సంఖ్యకు మాత్రం ఉల్లిపాయ పొరలవలె ఒలిచే ఉపాయం ఉంది.

ఒక వర్గంలోనుంచి ఒకటి తీసివేస్తే, మిగిలినది ఎప్పుడూ రెండు సంఖ్యల లబ్ధమే. పదిని వర్గం చేసి ఒకటి తీస్తే 99, అది 9 మార్లు 11. మన సంఖ్య కూడా వర్గంలోనుంచి ఒకటి తీసినదే గదా. కాబట్టి అది 429,49,67,295 మార్లు 429,49,67,297. అందులో మొదటిది మళ్ళీ వర్గానికి ఒకటి తక్కువ: 65,535 మార్లు 65,537. మళ్ళీ 65,535 అంటే 255 మార్లు 257. మళ్ళీ 255 అంటే 15 మార్లు 17. 15 అంటే 3 మార్లు 5. పొరలన్నీ ఊడదీస్తే చేతిలో మిగిలేవి ఆరు సంఖ్యలు: 3, 5, 17, 257, 65,537, చివరది 429,49,67,297.

ఈ ఆరింటికీ ఒక గొప్ప చరిత్ర ఉంది. ఫ్రాన్సు దేశపు ఫెర్మా వృత్తిచేత న్యాయాధికారి, ప్రవృత్తిచేత గణితజ్ఞుడు. ఆయన 1640లో ఈ వరుసను చూశాడు. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి ఈ వరుసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉండాలని నమ్మాడు. అంతటివాని మాటను తొంభై ఏళ్ళపాటు ఎవరూ కాదనలేకపోయారు. 1732లో ఆయిలరు అనే మహనీయుడు ఆరవ దానిని పట్టుకొన్నాడు.

పట్టుకొన్న తీరు వినదగినది. దీనిని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, అది 64 యొక్క ఏదో ఒక గుణిజానికి ఒకటి ఎక్కువ అయి తీరాలని ఆయన కనుగొన్నాడు. ఇక కనబడిన సంఖ్యతోనల్లా భాగించి చూడనక్కరలేదు. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ భాగించవు. అయిదవది భాగించింది! 429,49,67,297 అంటే 641 మార్లు 67,00,417. కావలసినవారు ఇంటికి వెళ్ళి గుణించి చూసుకోవచ్చు. అయిదు సాక్ష్యాలు చూసి ఆరవదానికి కూడా తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క గుణకారం చెప్తుంది. ఫెర్మా గొప్పతనం దీనివల్ల తగ్గలేదు. కాని లెక్కలో పెద్దరికం చెల్లదు, రుజువే చెల్లుతుంది.

ఇప్పుడు మన సంఖ్యకు పూర్తి గోత్రప్రవరలు చెప్పవచ్చు. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఈ ఏడూ ప్రధాన సంఖ్యలు, ఈ ఏడింటి లబ్ధమే మన సంఖ్య. ఏదీ రెండుమార్లు రాలేదు. కాబట్టి ఒకటి మొదలు తన వరకు దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 128. ఏడింటిలో ఒక్కొక్కదానిని తీసుకోవడమో మానడమో చేస్తే, రెండును ఏడు మార్లు గుణించినన్ని విధాలు గదా.

పూర్వులు సంఖ్యలను ఇంకొక విధంగా కూడా విభజించారు. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3; కూడితే 6 వస్తుంది. అది పరిపూర్ణ సంఖ్య. 12కు కూడితే 16. అది అధిక సంఖ్య. 8కి కూడితే 7. అది న్యూన సంఖ్య. మన సంఖ్యకు తాను తప్ప మిగిలిన 127 భాజకాలనూ కూడితే, తనలో నూటికి డెబ్బై వంతులకు కొంచెం పైన మాత్రమే వస్తుంది. ఇంత భారీకాయం కూడా న్యూన సంఖ్యే! ఆకారం చూసి సంపద అంచనా వేయరాదనడానికి ఇదొక దృష్టాంతం.

సగం పలకకు కూడా ఒక ప్రత్యేకత ఉంది. ముప్పై రెండు ఇళ్ళ గింజల మొత్తానికి 3, 5, 17, 257, 65,537 అనే అయిదే కారణాంకాలు. 1796లో గౌస్ అనే యువకుడు, పందొమ్మిదేళ్ళు నిండకముందే, వృత్తలేఖిని, గుర్తులు లేని కొలబద్ద మాత్రమే పట్టుకొని పదిహేడు సమభుజాల బొమ్మ గీయవచ్చునని కనుగొన్నాడు. ఈ అయిదు సంఖ్యలను విడివిడిగా గాని, కొన్నింటిని కలిపి గుణించి గాని వచ్చే ముప్పై ఒక్క బేసి సంఖ్యలకూ అట్లా బొమ్మ గీయవచ్చు. 65,537 తరువాత ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

మన సంఖ్యకు ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. అరవై నాలుగుకు బదులు అరవై ఒకటవ ఇంటితో ఆపి ఉంటే, వచ్చే మొత్తం ప్రధాన సంఖ్య. 1883లో పెర్వూషిన్ అనే రష్యను మతాచార్యుడు ఆ సంగతి నిరూపించాడు. పలకకు మూడు ఇళ్ళు అదనంగా చేర్చి అరవై ఏడుతో ఆపితే వచ్చే మొత్తమూ ప్రధానమేనని మెర్సెన్ అనే సన్యాసి 1644లో వ్రాశాడు. 1903లో కోల్ అనే అమెరికను ఆచార్యుడు దానిని 19,37,07,721 మార్లు 76,183 కోట్ల 82 లక్షల 57 వేల 287 అని విడదీసి చూపించాడు. ఇట్లా రెట్టింపు మొత్తాలలో ప్రధాన సంఖ్యలు వెదకే పని నేటికీ సాగుతున్నది. 2024లో దొరికిన దానికి నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. మన ఇరవై అంకెల సంఖ్య దాని ముందు చీమ.

ఇదంతా దూరదేశాల కథ అనుకోకండి. మనం నివసిస్తున్న ఈ నేలకు, మన భాషకు, ఈ లెక్కకు సంబంధం ఉంది. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, ఈ కన్నడ దేశంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసారసంగ్రహం అనే సంస్కృత గ్రంథం రచించాడు. దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. మనకంటె ఎంతో ముందు కన్నడ సీమకు, తెలుగు సీమకు లెక్కల్లో వియ్యం కుదిరిందన్నమాట.

మహావీరుడు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఏకం, దశం, శతం మొదలుకొని కోటి దాటి అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం, మహాక్షోభం వరకు. అందులో ఇరవయ్యవ స్థానం మహాశంఖం. మా మనుమడు మమ్మల్ని నిలదీసిన సంఖ్యలో మొదటి అంకె సరిగ్గా అక్కడ కూర్చున్నది! మాకు నోరు తిరగని సంఖ్యకు వెయ్యేళ్ళ క్రిందటే ఈ నేల మీద పేరుంది. తెలియనిది మాకే.

ఆయన కొన్ని గుణకారాలకు హారాలని పేరు పెట్టాడు. 2,79,94,681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. ఎటునుంచి చదివినా ఒకటే, మెడలో వేసుకొన్న హారంవలె. మన చదరంగపు సంఖ్య మామూలు అంకెల్లో హారంగా కనబడదు. కాని కంప్యూటరు వాడే సున్న, ఒకటి అనే రెండే అంకెల పద్ధతిలో వ్రాస్తే అది అరవై నాలుగు ఒకట్ల హారం. అందుకే అరవై నాలుగు గదుల కంప్యూటరు గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఇంకొకటి కలిపితే, పాత సైకిలు మీటరు తిరిగినట్లు, అన్నీ సున్నలైపోతాయి. మా మనుమడు దీనిని తెచ్చింది అక్కడినుంచే.

తెలుగులో ఈ సంఖ్యను ఇమిడ్చిన పద్యమొకటి మల్లన పేరుతో ప్రసిద్ధి. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడి, ఒకట్ల స్థానంనుంచి పైకి చెప్పడం అందులోని పద్ధతి. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, ఋతువులు ఆరు. కాబట్టి "చంద్ర వేద ఋతు" అంటే 641. ఆయిలరు కనిపెట్టిన సంఖ్యను మనం ఇట్లా మూడు తెలుగు మాటల్లో పిల్లలకు కంఠస్థం చేయించవచ్చు.

ఇన్నీ చెప్పి, ఒక ఇంటి సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. 1876-78 నాటి ధాత కరువు తరువాత అనంతపురం సీమలో మా ముత్తాత విత్తనానికి, తిండికి ఒక పుట్టి జొన్నలు అప్పు తెచ్చాడట. పంట వచ్చినప్పుడు సగం కలిపి కొలవాలి. నాగు అనేవారు దానిని. పంటలు సరిగా పండలేదు, కొలవలేదు. మొదటి పంటకు ఒకటిన్నర పుట్టి. రెండవ పంటకు రెండుంబావు. ఏడవ పంటకు పదిహేడు పుట్లు. పంటకు అరపుట్టి చొప్పున నాలుగున్నర పుట్లే కదా అవుతాయని ఆయన వాదించాడట. వడ్డీకి వడ్డీ కడితే కూడిక గుణకారంగా మారుతుందని ఆయనకు చెప్పినవారు లేరు. పొలం వదిలి, పెళ్ళాం పిల్లలను బండి ఎక్కించి ఇటు వచ్చాడు. చదరంగం కథలో రాజు ఏడ్చాడని నవ్వుతాము. మా ఇంట్లో ఆ కథ చెప్పినప్పుడు మా నాయనమ్మ ఎన్నడూ నవ్వలేదు.

అందువల్లనే మా తాత తన పిల్లలను వీపు మీద తట్టి ఎక్కాలు వల్లింపజేశాడు. పాలెక్కం, అరెక్కం, ముప్పాతికెక్కం అన్నీ తెలుగులోనే. బజారులో కన్నడం, బడిలో ఇంగ్లీషు, లెక్క మాత్రం తెలుగు. ఆ లెక్కతోనే మా నాన్న అంగడి నిలబెట్టాడు, మేము పంతులమయ్యాము. మా మనుమడి దగ్గరకు వచ్చేసరికి ఆ తీగ తెగింది. తెంపినది వాడు కాదు, మేము.

కాబట్టి ఈ ఉగాదినాడు ఒక చిన్న విన్నపం. పిల్లలు కన్నడమూ ఇంగ్లీషూ బాగా నేర్వవలసినదే. ఈ నేల అన్నం పెట్టింది, దాని భాష మనది కూడా. కాని వారానికి ఒక్క గంట మన సంఘం గదిలో పిల్లలను కూర్చోబెట్టి తెలుగులో ఎక్కాలు, స్థానాల పేర్లు, వడ్డీ లెక్కలు చెప్పిద్దాం. వచ్చే ఆదివారం నుంచి మేము ఆ గంట అక్కడ ఉంటాము. బల్ల, సుద్దముక్క ఉంటే చాలు.

ముందు వరుసలోని పిల్లలకు ఇంటి లెక్క: చదరంగం పలక మీద ఎన్నవ ఇంటికి గింజల మొత్తం మొదటిసారిగా కోటి దాటుతుంది? జవాబు తెలుగులో చెప్పాలి.

చివరగా, ఆ రాత్రి నిద్ర పట్టక మేము సాధన చేసి, మరునాడు మనుమడికి చదివి వినిపించినది మీకూ వినిపించి సెలవు తీసుకొంటాము. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటికోట్లు. నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు. తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. మీ ఇండ్లలో ధాన్యం ఆ లెక్కన పెరుగుగాక, అప్పు మాత్రం పెరగకుండుగాక. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.